స్పీడ్ సంగతి తర్వాత, ముందు మన అక్షరం బతికి రావాలె



కరీంనగర్‌ల ఇంజినీరింగ్ చదివే ఒక తమ్ముడు మొన్న ఫోన్ చేసి, "అన్నా, మైక్రోసర్వీసులకు, డేటా పార్సింగ్‌కు ఏ ఓపెన్ సోర్స్ లైబ్రరీ ఫాస్ట్? ఒక్కటి చెప్పు, అదే నేర్చుకుంట" అన్నడు. పేరు చెప్పి ఊకుంటే అయిపోవు. కానీ ఆ ప్రశ్ననే సగం అని నాకు అనిపిస్తది. అందుకే ఇంత పెద్దగ రాస్తున్న. కొంచెం ఓపిక పట్టి చదవండి.

కొత్తోళ్ల కోసం రెండు మాటలు. సంత నుంచి తెచ్చిన మూట విప్పి ఉప్పు ఒక దిక్కు, పప్పు ఒక దిక్కు సర్దుడే పార్సింగ్. ఒక ప్రోగ్రామ్ పంపిన జేసన్ మూటను ఇంకో ప్రోగ్రామ్ విప్పి సర్దుకుంటది. మైక్రోసర్వీసులు అంటే పెళ్లింట్ల పని పంచుకున్నట్టు. వంట ఒకరికి, నీళ్లు ఒకరికి, చదివింపుల లెక్క ఒకరికి. పెద్ద పెళ్లికి అది బాగనే ఉంటది. పది మంది చుట్టాలొస్తే మాత్రం అంత మంది పెద్దమనుషులు ఎందుకు?

ఇగ అసలు ముచ్చట. కొన్నేండ్ల కింద మేం నలుగురం కలిసి గోండి మాటల చిన్న యాప్ మొదలువెట్టినం. మాట తెలుగు లిపిలో ఒక గడిలో, గుంజాల గోండి లిపిలో ఇంకో గడిలో. తెలుగు మాటలన్నీ మంచిగ సేవ్ అయినయి. గోండి గడి తెరిస్తే వరుసగా ప్రశ్నార్థకాలు. ఒక్క ఎర్రర్ కూడా రాలే. తప్పు మాదే, డేటాబేస్ సెట్టింగ్ చూసుకోలేదు. కానీ నారాజ్ అనిపించింది. తాతల కాలం నుంచి దాచుకున్న అక్షరం మన చేతిలోనే మాయమైంది కదా.

కారణం చిన్నదే. గుంజాల మన ఆదిలాబాద్ జిల్లా నార్నూర్ మండలంల గోండు గూడెం. అక్కడ దొరికిన రాతప్రతుల మీద హైదరాబాద్ విశ్వవిద్యాలయం నుంచి జయధీర్ తిరుమలరావు గారి బృందం పనిచేసింది. ఆ లిపికి 2018లో యూనికోడ్ 11.0లో చోటు దొరికింది. 1918లో మున్షీ మంగళ్ సింగ్ మాసారాం తయారుచేసిన మాసారాం గోండి లిపి అంతకు ఏడాది ముందే, 2017లో చేరింది. కానీ యూనికోడ్‌ల మొదటి 65,536 గడుల్లో తెలుగుకు జాగ ఉంది, మన రెండు లిపులూ ఆ హద్దు దాటి అవతల ఉన్నయి. యూటీఎఫ్-8లో ఇంగ్లిష్ అక్షరానికి 1 బైటు, తెలుగుకు 3, గోండికి 4. మైఎస్‌క్యూఎల్‌లో చాలాకాలం "యూటీఎఫ్8" అనే పేరుతో ఉన్న సెట్టింగ్ 3 బైట్ల దాకనే పట్టేది. 4 బైట్లకు "యూటీఎఫ్8ఎంబీ4" అని వేరే పెట్టాలె. 8.0 వెర్షన్ నుంచి అదే డిఫాల్ట్ అయింది, కానీ పాత టేబుళ్లు పాతగనే ఉంటయి. మన దగ్గర ఎవరైనా తెలుగుతో టెస్ట్ చేసి "లోకల్ భాషలకు పనిచేస్తది" అంటే నమ్మకండి. తెలుగు పాసైన చోట గోండి ఫెయిల్ కావచ్చు.

ఎమోజీలు కూడా చాలావరకు ఈ 4 బైట్లవే. నవ్వు బొమ్మ పోతుందని లోకమంతా మేల్కొని సరిచేసుకున్నది. ఆ దారిలనే మన లిపికి కూడా తొవ్వ దొరికింది. అట్లనన్నా మంచిదే.

ఇప్పుడు లైబ్రరీలు చూద్దాం. ఎవరైనా స్పీడ్ పట్టిక చూపెడతరు. నేను ఇంకో పరీక్ష పెడుత: సగం తెగిన గోండి అక్షరం వస్తే ఏం జేస్తది? ఇది ఊహ కాదు. జావాస్క్రిప్ట్‌ల ఒక్క గోండి అక్షరానికి పొడవు 2 అని వస్తది. "మొదటి 20 అక్షరాలే చూపించు" అని కోడ్ రాస్తే అక్షరం నడుమకు తెగుతది.

సి++లో సిమ్‌డిజేసన్ ఉంది. డేనియల్ లెమీర్, జెఫ్ లాంగ్‌డేల్ మొదలుపెట్టిండ్రు. సెకనుకు గిగాబైట్ల లెక్కన చదువుతది. నోడ్ జేఎస్ లోపల కూడా వాడుతున్నరు. అంత స్పీడ్‌లో కూడా యూటీఎఫ్-8 మొత్తం సరిచూస్తది, తప్పుంటే ఎర్రర్ ఇస్తది. టెన్సెంట్ నుంచి వచ్చిన ర్యాపిడ్‌జేసన్ కూడా ఫాస్టే, కానీ ఎన్‌కోడింగ్ మొత్తం సరిచూడాలంటే ఆ ఆప్షన్ మనమే ఆన్ చేయాలె. అది ఆన్ చేయకుండా తీసిన స్పీడ్ నంబరును సిమ్‌డిజేసన్ నంబరు పక్కన పెట్టి పోల్చుడు న్యాయం కాదు. ఒకరు మూట తూకమేసి తెచ్చిండు, ఇంకొకరు తూకమేయకుండ తెచ్చిండు.

పైథాన్‌తో వచ్చే జేసన్ మాడ్యూల్ తెగిన అక్షరాన్ని చదివేటప్పుడు ఊకుంటది, తర్వాత యూటీఎఫ్-8లో రాసేటప్పుడు కింద పడుతది. రస్ట్‌తో రాసిన ఓఆర్‌జేసన్ తలుపు దగ్గరే ఆపుతది. గో భాషలో మొదటి నుంచి ఉన్న జేసన్ ప్యాకేజీ ఎర్రర్ ఇయ్యదు, తెగిన అక్షరం జాగలో ఒక ప్రశ్నార్థకం గుర్తు పెట్టి ముందుకు పోతది. అది దాచిపెట్టిన గుణం కాదు, డాక్యుమెంటేషన్‌లనే రాసి ఉంది. కానీ మనం చదవం.

ఈడ నా అభిప్రాయం గట్టిగ చెప్తున్న. నిశ్శబ్దంగా మార్చేదాని కంటే గట్టిగ అరిచి ఆగేదే మనకు మేలు. పేరుల ఒక్క అక్షరం మారితే కుల సర్టిఫికెట్ కాడ, స్కాలర్‌షిప్ కాడ ఎన్ని తిప్పలో మన ఇండ్లల్ల అందరికీ ఎరుకే. ఆగిపోయిన ప్రోగ్రామ్‌ను సాయంత్రం దాకా బాగుచేసుకోవచ్చు. తప్పుగా నిల్వైన పేరును ఏండ్ల తర్వాత ఎవరు బాగుచేస్తరు?

ఇంకోటి, మన ఊర్ల నెట్‌వర్క్. పైథాన్ జేసన్ డిఫాల్ట్‌గా ఇంగ్లిష్ కాని అక్షరాలను కోడ్‌గా మార్చి పంపుతది. అట్ల ఒక తెలుగు అక్షరం 3 బైట్లకు బదులు 6, గోండి అక్షరం 4కు బదులు 12 బైట్లు అయితది. అంటే మూడింతలు. ఒక్క ఆప్షన్ మారిస్తే చాలు, నేరుగా యూటీఎఫ్-8లో పోతది. జిప్ చేస్తే ఇంకా తగ్గుతది. గూడెంల సిగ్నల్ కోసం గుట్ట ఎక్కే పిల్లకు పార్సర్ ఎంత ఫాస్టో అక్కర్లేదు, మూట ఎంత చిన్నగుందో అదే కావాలె.

గూగుల్ 2008లో బయటపెట్టిన ప్రోటోకాల్ బఫర్స్ మూటను ఇంకా చిన్నగ చేస్తయి. ఫీల్డ్ పేర్లకు బదులు నంబర్లు పోతయి. మూడో వెర్షన్‌లో స్ట్రింగ్ సరైన యూటీఎఫ్-8 కాకపోతే పార్సింగే ఫెయిల్ అయితది, అది నాకు నచ్చింది. దాని మీద నడిచే జీఆర్‌పీసీ సర్వీసుల నడుమ మాట్లాడుకోవడానికి మంచిది, కానీ బ్రౌజర్ నుంచి నేరుగా పనిచేయదు, నడుమ ప్రాక్సీ కావాలె. నలుగురు పిల్లలు నడిపే యాప్‌కు ఆ బరువెందుకు?

లెక్క వేసుకోండి. 10,000 మాటల నిఘంటువు, మాటకు 500 బైట్లు అనుకున్నా మొత్తం 5 మెగాబైట్లు. మామూలు పార్సర్ కూడా చిటికెల చదువుతది. ఒక్క సర్వీసు, ఒక్క డేటాబేస్ చాలు. రోజుకు గిగాబైట్ల లాగ్‌లు వచ్చే కంపెనీల పనిచేస్తే అప్పుడు సిమ్‌డిజేసన్, జీఆర్‌పీసీ తీయండి. 2020లో కరీంనగర్‌లనే ఐటీ టవర్ తెరిచిండ్రు. ఉద్యోగం కోసం అవి నేర్చుకోవద్దని నేను అంటలేను. ఎందుకు వాడుతున్నమో తెలిసి నేర్చుకోమంటున్న.

"గోండి లిపి రాసేటోళ్లే తక్కువ, తెలుగుల రాస్తే సరిపోదా?" అని మనోళ్లే అడుగుతరు. సరిపోతది, తప్పేం లేదు. కానీ 2011 జనగణనలో గోండి మాతృభాష అని చెప్పినోళ్లు 29 లక్షలకు పైగా ఉన్నరు. రేపు అందులో ఒక్క పిల్ల తన పేరు తన లిపిలో టైప్ చేస్తే, "ఈ అక్షరం మాకు తెల్వదు" అని కంప్యూటర్ అనొద్దు.

తమ్మీ, నీ ప్రశ్నకు జవాబు ఇదీ. గూగుల్ ఇచ్చే నోటో సాన్స్ గుంజాల గోండి ఫాంట్ ఉచితమే, దింపుకో. ఐదు గోండి మాటలు తీసుకో, ఒకటి కావాలని తెంపు. నువ్వు అనుకున్న లైబ్రరీల నుంచి పంపి, డేటాబేస్‌ల వేసి, మళ్లీ తీసి చూడు. ఎక్కడన్నా అక్షరం పోతే ఆ ప్రాజెక్టుకు మన మాటతోనే టెస్ట్ రాసి పంపు. ఓపెన్ సోర్స్ అంటే ఉచితం అనే కాదు, తలుపు తెరిచి ఉందని. మనం లోపలికి పోకపోతే మన అక్షరం గురించి ఇంకెవరు అడుగుతరు?

జై సేవ.