కాలు జారితే తీసుకోవచ్చన్నది ఎవరు?

కాలు జారితే తీసుకోవచ్చు గానీ నోరు జారితే తీసుకోలేం అంటారు మనవాళ్లు. ఈ సామెత పుట్టించినాయన జన్మలో పాలిష్ టైల్స్ మీద నడిచి ఉండడని నా గట్టి నమ్మకం. నిరుడు మాఘమాసంలో మా చిన్నమ్మ కాలు జారింది. ఇంతవరకూ తీసుకోలేకపోయాం.

సంగతేమిటంటే, దేవరకొండలో ఒక పెండ్లి. ముందు హోటలు, పైన లాడ్జి, వెనక ఫంక్షన్ హాలు, మూడూ ఒకే యజమానివి. (పేరు రాయను. నా గోల ఆ ఒక్క హోటలు గురించి కాదు.) రెండో బంతిలో తిని చేతులు కడుక్కోవడానికి వెళ్లింది చిన్నమ్మ. బేసిన్ల కింద పైపు కారుతోంది, పొద్దున్నుంచీ కారుతూనే ఉందట. అద్దంలా మెరిసే టైల్స్, వాటి మీద నీళ్లు, నీళ్ల మీద ఎవరి చేతుల్లోంచో జారిన నూనె జిడ్డు. తుంటి ఎముక విరిగింది. నల్గొండ తీసుకెళ్తే అక్కడ హైదరాబాదు పొమ్మన్నారు. ఆపరేషనుకీ మందులకీ కలిపి మూడు లక్షల పైచిలుకు. అరవై ఒక్క ఏళ్ల మనిషి, రెండు బర్రెల్ని, ఇద్దరు మనవల్ని ఒంటిచేత్తో చూసుకున్న మనిషి, ఇవాళ బాత్రూముకి వెళ్లాలంటే వాకర్ కావాలి.

అక్కడి మేనేజరు అన్న మొదటి మాట: "పెద్దమ్మా, సూస్కొని నడవాలె గదా." మా వాళ్లలో ఒక పెద్దాయన అన్నది: "గాచారం బాగలేదు, ఎవల్నంటే ఏమొస్తది." యజమాని నాలుగో రోజు ఆస్పత్రికి ఆపిల్ పండ్లు, పదివేలు పట్టుకొచ్చాడు. మా ఇంటిల్లిపాదీ ఆయన మంచితనానికి కరిగిపోయారు. నాకు మాత్రం ఒళ్లు మండింది.

అసలు తిరకాసు మన మాటలోనే ఉంది. "కాలు జారింది" అంటాం. ఆ వాక్యంలో కర్త కాలు. నేల లేదు, నీళ్లు లేవు, పైపు బాగు చేయించని యజమాని అసలే లేడు. అదే బస్సు గుద్దితే "బస్సు గుద్దింది" అంటాం. వెంటనే పోలీస్ స్టేషను, ట్రిబ్యునలు, లాయరు అన్నీ గుర్తొస్తాయి. హోటల్లో పడితే ఆవపిండి కాపడం గుర్తొస్తుంది.

ఇదేదో భాషాశాస్త్రం చర్చ అనుకోకండి, దీనికి లెక్క ఉంది. ఆస్పత్రిలో జూనియర్ డాక్టరు "ఎట్ల పడ్డవమ్మా" అని అడిగాడు. "కాలు జారిందయ్యా" అంది చిన్నమ్మ. ఆయన కేస్ షీట్లో "సెల్ఫ్ ఫాల్" అని రాసుకున్నాడు. ఆయన తప్పేం లేదు, చెప్పిందే రాశాడు. కానీ రేపు అవతలి లాయరు మొట్టమొదట బయటికి తీసే కాగితం అదే. "ఫలానా హోటల్లో, కారుతున్న పైపు కింద, తడి నేల మీద పడింది" అని చెప్పి రాయించుకోవడానికి అర నిమిషం పట్టేది. ఆ అర నిమిషం నేను పక్కనే ఉండి ఫోన్లో మేనేజరుకి లీవ్ మెసేజ్ కొడుతున్నాను. ఇంజనీరింగ్ చదివాను కదా, అంతకంటే తెలివి ఎక్కణ్నుంచి వస్తుంది.

ఇక మన ఐటీ జనం సంగతికొస్తాను. మా ఆఫీసులో ఈ విషయం చెప్పగానే ఒకాయన నవ్వి, "అమెరికా వాళ్లలా కాఫీ వేడిగా ఉందని కేసు వేస్తావా" అన్నాడు. ఆ కాఫీ కథ మనందరం ఫార్వర్డుల్లో చదివి నవ్వుకున్నదే. నవ్వే ముందు తెలుసుకోవాల్సింది ఇది. 1992లో న్యూ మెక్సికోలో మెక్‌డొనాల్డ్స్ కాఫీ ఒలికిన స్టెల్లా లీబెక్ వయసు 79. థర్డ్ డిగ్రీ కాలిన గాయాలు, ఎనిమిది రోజులు ఆస్పత్రి, చర్మం అతికించారు. ఆవిడ మొదట అడిగింది 20 వేల డాలర్లు. కంపెనీ 800 ఇస్తానంది. ఆ తర్వాతే కోర్టు, జ్యూరీ, మిలియన్లు. ముసలావిడ కాలిన తొడల మీద వేసిన జోకులకి మనం సైదాపూర్ నుంచి శాన్‌హోజే దాకా పడిపడి నవ్వాం. నాకిప్పుడు నవ్వు రావట్లేదు.

అక్కడికీ ఇక్కడికీ ఒక తేడా ఉంది, అది జోకుల్లో రాదు. అక్కడి లాయర్లు గెలిస్తేనే ఫీజు అనే పద్ధతిలో పనిచేస్తారు, వచ్చినదాంట్లో సుమారు మూడోవంతు తీసుకుంటారు. మన దగ్గర బార్ కౌన్సిల్ నియమాలు ఆ పద్ధతిని ఒప్పుకోవు. కాబట్టి ఓడినా గెలిచినా డబ్బు ముందు మన జేబులోంచే. దానికి తోడు సివిల్ కోర్టులో నష్టపరిహారం దావా వేస్తే, అడిగిన మొత్తాన్ని బట్టి కోర్టు ఫీజు. విరిగిన తుంటికి ఇరవై లక్షలు అడగాలంటే ముందు ఫీజు కట్టాలి. బర్రెలమ్మి కట్టాలా?

ఆ దారిలో వెళ్తే ఏమవుతుందో ఒక పాత కేసు చెప్తాను. 1972 ఆగస్టులో లుఫ్తాన్సా కో-పైలట్ ఒకాయన, క్లౌస్ మిట్టెల్‌బాకర్ట్, ఢిల్లీ ఒబెరాయ్ హోటలు ఈతకొలనులోకి దూకి తల నేలకు తగిలి పక్షవాతంతో మంచాన పడ్డాడు. 1975లో ఢిల్లీ హైకోర్టులో దావా. 1985లో ఆయన చనిపోయాడు, దావా ఇంకా నడుస్తూనే ఉంది. 1997లో జస్టిస్ లాహోటీ (తర్వాత సుప్రీంకోర్టు ప్రధాన న్యాయమూర్తి అయ్యారు) హోటలుదే తప్పని, 50 లక్షలు ఇవ్వాలని తీర్పు చెప్పారు. అంత రేటు తీసుకునే అయిదు నక్షత్రాల హోటలు అంతకు తగ్గ జాగ్రత్తా తీసుకోవాలన్నారు. లా కాలేజీల్లో ఇక్కడిదాకా గొప్పగా చెప్తారు. 2002లో డివిజన్ బెంచ్ ఆ తీర్పును కొట్టేసింది. ఒంటికి తగిలిన దెబ్బకు వేసిన దావా మనిషితోనే పోతుంది అన్నది కారణం. ముప్ఫై ఏళ్లు! అవతలివాడు చేయాల్సిందల్లా వాయిదాలు అడుగుతూ మనిషి పోయేదాకా ఆగడమే. ఆయన కుర్రాడు, జర్మన్ పైలట్. మా చిన్నమ్మకు అరవై రెండు నడుస్తోంది.

అందుకే మనలాంటివాళ్లకు పనికొచ్చేది వినియోగదారుల కమిషను. 2019 చట్టం, 2020 జూలై 20 నుంచి అమల్లో ఉంది. తడి నేల, విరిగిన మెట్టు, పట్టుకోవడానికి రాడ్డు లేని స్నానాలగది, ఇవి సేవాలోపం కింద పెట్టొచ్చు. లాయరు తప్పనిసరి కాదు. పైన చెప్పిన కోర్టు ఫీజు బాధ ఇక్కడ లేదు, ఎందుకంటే ఇక్కడ లెక్క మనం అడిగే పరిహారం మీద కాదు, సేవకు చెల్లించిన సొమ్ము మీద. అది అయిదు లక్షల లోపుంటే ఫీజు సున్నా. హోటలు గోవాలో ఉన్నా, నువ్వు ఉండే చోట గానీ పనిచేసే చోట గానీ ఫిర్యాదు వేయొచ్చు. మియాపూర్లో ఉండేవాడు పనాజీ తిరగక్కర్లేదు, చిన్నమ్మకు నల్గొండ కమిషను చాలు. వినియోగదారు చనిపోతే వారసులు ఫిర్యాదుదారులవుతారని చట్టంలోనే రాసి ఉంది. పై కేసు చదివాక ఈ ఒక్క ముక్క విలువ తెలిసింది నాకు.

"పెండ్లికి డబ్బు కట్టింది పిల్ల తండ్రి, మీ చిన్నమ్మ వినియోగదారు ఎట్లా అవుతుంది" అని ఒక లాయరే నన్నడిగాడు. డబ్బు కట్టినవాడి అనుమతితో ఆ సేవ పొందే మనిషి కూడా వినియోగదారే, నిర్వచనంలోనే ఉంది. ఆయన చదవలేదు, అంతే. కంపెనీ డబ్బుతో రిసార్టుకు వెళ్లి బఫే దగ్గర జారిపడ్డ సోదరులు కూడా ఇది గుర్తుపెట్టుకోండి. అవతలివాడు "ఇది వాణిజ్య ప్రయోజనం" అని వాదిస్తాడు, దానికి సిద్ధంగా ఉండండి.

"యాజమాన్యం బాధ్యత వహించదు" అనే బోర్డు ఉంది కదా అంటారా? 2019 నవంబరులో తాజ్ మహల్ హోటలు కేసులో సుప్రీంకోర్టు దాని పని పట్టింది. వాలేకి ఇచ్చిన కారు పోయింది, చీటీ వెనక "ఓనర్ రిస్క్" అని అచ్చేసి ఉంది. తన నిర్లక్ష్యం బాధ్యత నుంచి హోటలు ఆ చీటీతో తప్పించుకోలేదు అంది కోర్టు. కారుకున్న విలువ తుంటికి లేకుండా పోతుందా?

పడ్డ ప్రతివాడికీ డబ్బు రావాలని నేననట్లేదు. ఫోను చూసుకుంటూ మెట్లు దిగి పడితే అది నీ ఖర్మే. నీళ్లు ఎంతసేపట్నుంచి ఉన్నాయి, తుడిచే మనిషి ఉన్నాడా, బోర్డు పెట్టారా, ఇవి అడుగుతారు, అడగాలి కూడా. ఇంగ్లండులో 1976లో టెస్కో దుకాణంలో ఒలికిన పెరుగు మీద ఒకావిడ జారిపడితే, తుడిచే పద్ధతి సరిగా ఉందని చూపించుకోవాల్సింది దుకాణమే అంది కోర్టు. అక్కడ 1957 నుంచే ఆవరణ యజమానుల బాధ్యతకు విడిగా చట్టం ఉంది. మనకు లేదు.

ఇక మా జిల్లా ప్రత్యేకం ఒకటుంది. హోటలు తరఫున రాయబారానికి వచ్చినాయన అన్నాడు: "గా ఫ్లోరైడ్ నీళ్లు తాగిన బొక్కలాయె, ఏడ పడ్డా ఇరుగుతయ్." నల్గొండ ఫ్లోరైడ్ గురించి దశాబ్దాలుగా దేశమంతా ఫొటోలు చూసింది, నీటిలోంచి ఫ్లోరైడ్ తీసే పద్ధతికి మా జిల్లా పేరే పెట్టారు. ఆ గోస ఆఖరికి హోటలు వాళ్లకు రక్షణ కవచంగా పనికొస్తోంది చూడండి. దీనికి జవాబు చాలా పాతది. గుడ్డుపెంకు పుర్రె సూత్రం అంటారు. దెబ్బ కొట్టినవాడు, ఎదుటివాడు ఎలా ఉంటే అలాగే స్వీకరించాలి, పుర్రె పల్చన అన్నది సాకు కాదు. మా చిన్నమ్మ ఎముకలు గట్టివో కావో మాకు తెలుసు. పైపు కారుతున్నట్టు మీకు తెలుసా లేదా, అది చెప్పండి.

పోలీసు ఫిర్యాదు కూడా ఒక దారి. నిర్లక్ష్యంతో ఎముక విరిగేంత గాయం చేస్తే భారతీయ న్యాయ సంహిత 125వ సెక్షను వస్తుంది. డబ్బు తెచ్చిపెట్టదు గానీ, ఘటన జరిగిందనడానికి తేదీతో సహా కాగితం మిగులుతుంది.

సాక్ష్యం దగ్గరే మేము ఓడిపోయాం. చేతులు కడిగే చోటికి ఎదురుగా సీసీ కెమెరా ఉంది. డీవీఆర్ నిండగానే పాతది చెరిపి కొత్తది రాస్తుంది, మన సర్వర్లలో లాగ్ రొటేషన్ లాగే. నేను అడిగేసరికి నెలన్నర. "పోయింది సార్" అన్నారు. మర్నాడే ఫుటేజి దాచమని ఒక ఈమెయిలు కొట్టి ఉంటే చెరిపినందుకైనా జవాబు చెప్పాల్సి వచ్చేది. కొత్త సాక్ష్య చట్టంలో ఎలక్ట్రానిక్ రికార్డుకిచ్చే సర్టిఫికెట్లో హ్యాష్ విలువ రాయాలి, ఎస్‌హెచ్‌ఏ 256 అని టిక్కు పెట్టే గడి కూడా ఉంది. ఇది చదివి మురిసిపోయాను, హ్యాష్ చేయడానికి ఫైలు లేదు :(

ఒక్కటి మాత్రం గట్టిగా అడుగుతాను. స్కూటరుకు థర్డ్ పార్టీ ఇన్సూరెన్సు తప్పనిసరి. భోపాల్ తర్వాత, 1991లో, ప్రమాదకర పదార్థాలు వాడేవాళ్లకు పబ్లిక్ లయబిలిటీ ఇన్సూరెన్సు తప్పనిసరి చేశారు. ఒక్క పూటలో రెండువేల మంది తడి చేతులతో తిరిగే ఫంక్షన్ హాలుకు ఆ చట్టం వర్తించదు. ట్రేడ్ లైసెన్సు ఇచ్చేటప్పుడు ఫైర్ కాగితం అడిగినట్టే ఇన్సూరెన్సు కాగితమూ అడిగితే మున్సిపాలిటీ సొమ్మేం పోతుంది? యజమానికి ఏడాదికి ఒక పెండ్లి లైటింగు ఖర్చు కూడా కాదు. అప్పుడు ఆపిల్ పండ్లు పట్టుకుని రానక్కర్లేదు, మేమూ దండం పెట్టనక్కర్లేదు.

ఫిర్యాదుకు గడువు రెండేళ్లు. మాకు వచ్చే మాఘం దాకా ఉంది. కాగితాలన్నీ సిద్ధం చేసి తీసుకెళ్తే, "ఆయన మా ఊరి అల్లుడు, కేసు పెడితే రేపు మొకమెట్ల సూస్త" అని చిన్నమ్మ నాలుగు నెలలు సంతకం పెట్టలేదు. బాబాయ్ ఏమీ అనలేదు, వాకర్ తెచ్చి మంచం పక్కన పెట్టి బయటికి వెళ్లిపోయాడు. పోయిన సోమవారం నోటీసు మీద సంతకం పెట్టింది, రిజిస్టర్డ్ పోస్టులో పంపించాం. మొన్న అదే హోటల్లో టిఫిన్ చేసొచ్చిన మా బామ్మర్ది చెప్పాడు, పైపు ఇంకా కారుతూనే ఉందట. కింద ఒక బకెట్ మాత్రం పెట్టారట. ఫొటో తీశావా అంటే, తీశాడు.