బొమ్మలకి తెల్ల పూత - ముందు జాగ్రత్తలు

దసరా దగ్గర పడుతోందంటే బొమ్మల పెట్టె కిందికి దిగాల్సిందే. రంగు వెలిసిన బొమ్మల్ని చూస్తే ఎవరికైనా మనసు ఊరుకోదు, కాస్త రంగు వేద్దామనిపిస్తుంది. మా కొత్తగూడలో ఇంటి పక్క హార్డ్‌వేర్ షాపులోనే స్ప్రే డబ్బాలు దొరుకుతున్నాయి కదా అని రెండేళ్ళ క్రితం నేనూ ఒకటి తెచ్చేశాను.

మా అత్తయ్యకి వాళ్ళమ్మగారు సారెలో పెట్టిన కొండపల్లి అంబారీ ఏనుగు అది. సన్నగా ముసురు పడుతున్న సాయంత్రం, బాల్కనీలో, దగ్గర్నుంచి గట్టిగా కొట్టాను. తెలుపు కన్నీళ్ళలా కిందికి కారింది. మావటివాడి కళ్ళూ ముక్కూ పూడిపోయాయి. మర్నాడు రంగు వేయబోతే తామరాకు మీద నీళ్ళలా జారిపోయింది. నేను తెచ్చింది ప్రైమర్ కాదు, గేట్లకి వేసే మెరుపు పెయింటు! అత్తయ్య బొమ్మని చాలాసేపు చేతిలో పట్టుకుని, "పోనీలేమ్మా, ఏనుగు ఉందిగా" అన్నారు. తిట్టినా బాగుండేది.

అసలు తెల్ల పూత మనకి కొత్తేం కాదు. కొండపల్లిలో తెల్లపొణికి కర్రతో బొమ్మ చెక్కి, చింతగింజల పొడీ రంపపు పొట్టూ కలిపిన మక్కుతో భాగాలు అతికించి, సున్నం పూత వేశాకే రంగులు దిద్దుతారు. కింద తెలుపు ఉంటేనే పసుపూ ఎరుపూ నిగనిగలాడతాయి. ప్రైమర్ చేసే పనీ అదే. పైగా రంగుని పట్టి ఉంచుతుంది.

కొనేటప్పుడు డబ్బా మీద "ప్రైమర్" అనే మాట, "మ్యాట్" అనే మాట రెండూ ఉన్నాయో లేదో చూడండి. మెరుపు ఉన్నదాని మీద రంగు సరిగా నిలవదు. కర్రకా, ప్లాస్టిక్‌కా, లోహానికా అన్నదీ చదవండి. పిల్లలు కిట్లతో చేసే చిన్న విమానాలకీ, సైనికుల బొమ్మలకీ ప్లాస్టిక్‌కి పనికొచ్చేదే కావాలి. థర్మోకోల్ మీద మాత్రం కొట్టకండి, కరిగిపోతుంది. ముదురు రంగులు వేసేట్లయితే బూడిద రంగు ప్రైమర్ చాలు. తెలుపు కంటే త్వరగా కప్పుతుంది కూడా.

వేసే పద్ధతి ఇదీ:

బొమ్మ మీది దుమ్ము మెత్తని బ్రష్‌తో దులపండి. తెలుపులో ఉండే టైటానియం డయాక్సైడ్ బరువైన పొడి, డబ్బా అడుగున పేరుకుంటుంది. అందుకే రెండు మూడు నిమిషాలు బాగా ఊపాలి. జానెడు దూరం తగ్గకుండా పట్టుకుని, చెయ్యి కదుపుతూ పల్చగా కొట్టండి. పావుగంట ఆగి మరో పూత. ఇలా రెండు మూడు పల్చని పూతలు వేస్తే చెక్కుడు పూడదు. ఒక రోజంతా ఆరాకే రంగు. ముసురులో వద్దు, గాలిలో చెమ్మ ఉంటే పూత చెడుతుంది. గాలి జోరుగా ఉన్నా వద్దు, రోడ్డు మీది దుమ్మంతా తడి పూతకి అంటుకుంటుంది. ఎండ కాసిన పూట డాబా మీద నీడలో చేసుకోండి. ముందుగా పనికిరాని చెక్క ముక్క మీద కొట్టి చూడటం మరిచిపోకండి.

డబ్బాలోని గ్యాసుకి నిప్పంటుకుంటుంది. వంటింటి ఛాయలకి తేవద్దు. ఆ ఆవిరి గర్భిణులకీ, ఉబ్బసం ఉన్నవాళ్ళకీ, పసిపిల్లలకీ మంచిది కాదు. ముక్కుకి గుడ్డ కట్టుకుంటే తుంపర ఆగుతుందేమో గానీ ఆవిరి ఆగదు. ఖాళీ డబ్బాకి చిల్లు పెట్టకండి, మంటలో వేయకండి.

చివరిగా ఒక్క మాట. తరాలనాటి బొమ్మకి అసలు స్ప్రే వద్దు. పెచ్చు ఊడిన చోట మాత్రం సన్న బ్రష్‌తో కాస్త తెలుపు అద్ది, దాని మీద రంగు దిద్దండి. మిగతాది అలాగే ఉండనివ్వండి. మా కొలువులో ముఖం లేని మావటివాడు ఇప్పటికీ పై మెట్టు మీదే ఉంటాడు. పేరంటానికి వచ్చినవాళ్ళు అడిగితే అత్తయ్య నా వైపు చూసి నవ్వుతారు. జవాబు మాత్రం నేనే చెప్పుకోవాలి!