సాక్ష్యానికి ఒక్కో దృశ్యం

కథలో రాస్తే ఎవరూ నమ్మరనిపించే నిజాలతో తీసిన డాక్యుమెంటరీలకు ఓటీటీల్లో మంచి గిరాకీ ఉంది. పసితనంలోనే విడదీసిన ముగ్గురు కవలలు పందొమ్మిదేళ్లకు అనుకోకుండా కలుసుకుంటారు. చనిపోయాడని ఒక దేశమంతా నమ్మిన గాయకుడు మరో దేశంలో కూలి పని చేసుకుంటూ కనిపిస్తాడు. ఇలాంటి కథ దొరికితే ఏ దర్శకుడు వదులుకుంటాడు? కానీ కథ దొరికాక అతను చేసే పని ఏమిటన్నదే అసలు విషయం. వింతను ఇంకా వింతగా చూపించి ప్రేక్షకుణ్ని ఆశ్చర్యపరచవచ్చు. ఆ వింత ఎలా పుట్టిందో పొర పొరగా విప్పి చూపించనూ వచ్చు. ఈ రెండో దారి కష్టమైనది. దాని విలువ తెలుసుకోవాలంటే అమెరికన్ దర్శకుడు ఎరాల్ మోరిస్ 1988లో తీసిన ‘ది థిన్ బ్లూ లైన్’ దగ్గరికి వెళ్లాలి.

ఒక పోలీసు హత్య కేసులో నిర్దోషికి పడిన శిక్ష మీద తీసిన సినిమా అది. కానీ మోరిస్ టెక్సాస్ వెళ్లింది ఆ కేసు కోసం కాదు. జేమ్స్ గ్రిగ్సన్ అనే మానసిక వైద్యుడి మీద సినిమా తీద్దామని వెళ్లాడు. ముద్దాయి మళ్లీ హింసకు దిగే అవకాశం ఉందని తేలితేనే టెక్సాస్‌లో జ్యూరీ మరణశిక్షకు మొగ్గేది. ఆ మాటను ప్రాసిక్యూషన్ తరఫున కోర్టుకొచ్చి గట్టిగా చెప్పే వైద్యుడు గ్రిగ్సన్. జనం ఆయన్ను ‘డాక్టర్ డెత్’ అనేవారు. ఆయన సాక్ష్యంతో శిక్ష పడిన ఖైదీలను కలుస్తుండగా మోరిస్‌కు ర్యాండల్ డేల్ ఆడమ్స్ తారసపడ్డాడు. మోరిస్ అంతకుముందు ప్రైవేటు డిటెక్టివ్‌గా పనిచేసినవాడు. కేసు కాగితాలు చదువుతున్నకొద్దీ గ్రిగ్సన్ సినిమా పక్కకు పోయింది.

1976 నవంబరులో ఒక అర్ధరాత్రి డాలస్‌లో హెడ్‌లైట్లు వేయకుండా వెళ్తున్న కారును రాబర్ట్ వుడ్ అనే పోలీసు ఆపాడు. కారులోంచి కాల్పులు జరిగాయి, అతను చనిపోయాడు. ఆ కారు పదహారేళ్ల డేవిడ్ హారిస్ దొంగిలించినది. తుపాకీ అతని తండ్రిది. పోలీసును చంపానని ఊళ్లో స్నేహితుల దగ్గర గొప్పలు చెప్పుకున్నదీ అతనే. ఆడమ్స్ చేసిందల్లా అంతకుముందు రోజు పెట్రోలు అయిపోయి రోడ్డు మీద నిలబడి, హారిస్ కారెక్కడమే. అయినా శిక్ష ఆడమ్స్‌కే పడింది. మైనరైన హారిస్‌కు మరణశిక్ష వేయడానికి చట్టం ఒప్పుకోదు, ఆడమ్స్‌కు వేయవచ్చు. పోలీసు చనిపోయిన కేసులో ఎవరో ఒకరికి ఆ శిక్ష పడి తీరాలన్న పట్టుదలకు ఈ తేడా ఎంతో పనికొచ్చిందని సినిమాలో డిఫెన్సు వైపు వాళ్లు అంటారు. నాకూ అదే నిజమనిపిస్తుంది. 1979లో అమలుకు మూడు రోజుల ముందు సుప్రీంకోర్టు న్యాయమూర్తి స్టే ఇచ్చారు. ఆ తర్వాత శిక్ష యావజ్జీవంగా మారింది.

ఇక సినిమా విషయం. ఆ రాత్రి ఘటనను మోరిస్ నటులతో మళ్లీ మళ్లీ తీశాడు. మన టీవీ క్రైమ్ కార్యక్రమాల్లోనూ సీన్ రీకన్‌స్ట్రక్షన్ ఉంటుంది. అక్కడ దాని పని ఒక్కటే: ఇలాగే జరిగిందని మనల్ని నమ్మించడం. మోరిస్ సరిగ్గా దీనికి ఎదురు నడిచాడు. ఒక్కో సాక్షి చెప్పినదాన్ని ఒక్కో దృశ్యంగా చూపించాడు. ఒకదానిలో వుడ్‌తో ఉన్న మహిళా పోలీసు కారు దిగి నిలబడి ఉంటుంది. ఇంకోదానిలో కారులోనే కూర్చుని ఉంటుంది, ఆమె తాగుతున్న మిల్క్‌షేక్ గాల్లోకి ఎగిరి రోడ్డు మీద పడుతుంది. కారులో ఉన్నది ఒకరా, ఇద్దరా? డ్రైవర్ జుట్టు ఎలా ఉంది? దృశ్యం మారినప్పుడల్లా జవాబు మారుతుంది. హారిసే కాల్చినట్టు ఒక దృశ్యం తీసి పెడితే సినిమా ఎంతో సులువయ్యేది. మోరిస్ తీయలేదు. అబద్ధం కళ్ల ముందు ఎంత నిజంలా నిలబడుతుందో మనకు అనుభవంలోకి తెచ్చాడు, జ్యూరీ ఎలా నమ్మిందో అప్పుడు అర్థమవుతుంది. ఈ నటన దృశ్యాలను చూసి ఇది డాక్యుమెంటరీయే కాదన్నవాళ్లున్నారు. ఆస్కార్ నామినేషన్ కూడా రాలేదు. నా దృష్టిలో ఇంతకంటే నిజాయితీగా వాడిన కల్పన డాక్యుమెంటరీ చరిత్రలో అరుదు.

ఇంటర్వ్యూలలో మోరిస్ చూపిన ఓపిక కూడా అంతే గొప్పది. ఎవరినీ నిలదీయడు, మాట్లాడనిస్తాడు. అలా మాట్లాడుతూనే ఒక ముఖ్య సాక్షి గుర్తింపు పరేడ్‌లో తాను వేరే మనిషిని చూపించానని, ఆడమ్స్ ఎవరో పోలీసే చెప్పాడని బయటపెట్టేసింది. హారిస్‌తో చివరి సంభాషణ రోజున కెమెరా పాడైంది, మిగిలింది ఆడియో టేపు. అప్పటికి మరో హత్య కేసులో మరణశిక్ష పడి జైల్లో ఉన్న హారిస్, ఆడమ్స్ నిర్దోషి అని, అది తనకు ఖాయంగా తెలుసని ఆ టేపులో చెప్పాడు. తెర మీద కనిపించేది టేపు రికార్డరు మాత్రమే. నటులతో అన్ని దృశ్యాలు తీసిన మనిషి ఈ ఒక్క నిజానికి మాత్రం బొమ్మ కట్టలేదు.

దీనికి పక్కన 2013లో ఆస్కార్ గెలిచిన ‘సెర్చింగ్ ఫర్ షుగర్ మ్యాన్’ను పెట్టి చూడాలి. డెట్రాయిట్ గాయకుడు రోడ్రిగ్జ్ దక్షిణాఫ్రికాలో ఎంత ప్రసిద్ధుడో ఆయనకే తెలియకపోవడం ఆ కథ. మనసును కదిలించే సినిమా. కానీ ఆయనకు ఆస్ట్రేలియాలోనూ అభిమానులున్నారు, 1979లో, 1981లో అక్కడ పర్యటించి పాడాడు కూడా. సినిమాలో ఆ ఊసే లేదు. అది చెప్తే పూర్తిగా మరుగునపడిన మనిషి అన్న కథ పలచబడుతుంది. ఉన్న నిజమే అంత వింతగా ఉన్నప్పుడు దాన్ని ఇంకా చెక్కడం అనవసరం, ప్రేక్షకుడికి అన్యాయం కూడా.

మళ్లీ ఆడమ్స్ విషయానికొస్తే, 1989 మార్చిలో టెక్సాస్ హైకోర్టు స్థాయి క్రిమినల్ అప్పీళ్ల న్యాయస్థానం ఆడమ్స్ శిక్షను రద్దు చేసింది. పన్నెండేళ్లకు పైగా జైల్లో గడిపి ఆయన బయటికొచ్చాడు. రాష్ట్రం నుంచి ఏ పరిహారమూ అందలేదు. బయటికొచ్చాక తన జీవితకథ హక్కుల కోసం మోరిస్ మీదే దావా వేశాడు, అది రాజీతో ముగిసింది. కృతఘ్నత అని కొందరు అన్నారు. నేను ఒప్పుకోను. ఆడమ్స్ కథను ముందు ప్రాసిక్యూషన్ చెప్పింది, తర్వాత సాక్షులు చెప్పారు, చివరికి సినిమా చెప్పింది. మిగతావాళ్లకంటే సినిమా నిజం చెప్పింది, జైలు నుంచి బయటపడటానికి తోడ్పడింది, నిజమే. కానీ ఆ కథ మీద అధికారం ఎవరిదని అడగడానికి అతనికంటే హక్కున్నవాళ్లు ఎవరున్నారు?