మన లైటుకు టోపీ పెట్టించండి

మొన్న రాత్రి అన్నాలయ్యాక సైన్సు సారు కెమెరాను స్టాండు మీద పెట్టి ఆండ్రోమెడా గెలాక్సీని ఫోటో తీశారు. చూస్తే ఏముంది? తెల్లటి మసక! గ్రౌండులో కొత్తగా పెట్టిన ఫ్లడ్‌లైటు సగం వెలుగు ఆకాశానికే పోతోంది. 25 లక్షల సంవత్సరాలు ప్రయాణం చేసి వచ్చిన వెలుగు మన స్తంభం దగ్గర ఓడిపోయింది. మా గూడెంలో అయితే అమావాస్య రాత్రి అది ఉత్త కంటికే చిన్న మబ్బు తునకలా కనబడుతుంది.

పట్నంలో ఇంటి పెరట్లోంచి తీసేవాళ్లు వందల ఫోటోలు తీసి కంప్యూటరులో ఒకదానిమీద ఒకటి కలుపుతారట. పక్కింటి లైటు వాళ్ల చేతిలో లేదు, పాపం. మనది మన చేతిలోనే ఉంది కదా! ఫిల్టరు కొందామని కొందరన్నారు. ఎల్‌ఈడీ తెలుపులో అన్ని రంగులూ కలిసుంటాయి, గెలాక్సీ వెలుగులోనూ అంతే. ఫిల్టరు దేన్ని ఆపి దేన్ని వదులుతుంది? డబ్బు దండగ.

లైటు ఆర్పేయమని నేననను. చిన్నపిల్లలు రాత్రి బాత్‌రూముకు పోవాలి, పాములు తిరుగుతాయి (నాకూ భయమే). వార్డెన్ సార్, కరెంటు పని చేసే అన్న వచ్చినప్పుడు దాని మూతి కిందికి వంచి, పైన రేకు బిగించమని చెప్పండి. దారి మీద వెలుగు ఇంకా బాగా పడుతుంది. రేకు మేము తెస్తాం. దీపావళి అమావాస్యకు ముందే అయితే మంచిది.

– 9వ తరగతి విద్యార్థి