పైన పటారం.. ట్యాంకులో మడ్డి

బళ్లారి నుంచి తోరణగల్లు మీదుగా హొస్పేట వెళ్లే దారిలో పొద్దున్నే ఒక గంట నిలబడితే చాలు, లారీల సోకులన్నీ చూడొచ్చు. ముందు నిమ్మకాయలు, మిరపకాయల దండ. అద్దం మీద ఇంటిదేవుడి పేరు. తలుపుల మీద పూలతీగెలు, వెనక నెమళ్లు. దసరా వచ్చిందంటే ఆయుధపూజ. కడిగి, బొట్లు పెట్టి, గుమ్మడికాయ కొట్టనిదే బండి కదలదు. బండి అన్నం పెట్టే తల్లి అని నమ్మే జనం కాబట్టి ఆ భక్తిని తప్పు పట్టాల్సిన పని లేదు. అయితే ఆ తల్లి కడుపులో ఏముందో చూసేవాళ్లు ఎందరు? లారీ పక్కన పట్టీలతో బిగించిన డీజిల్ ట్యాంకు మూత తీసి, లోపలికి టార్చి వేసి చూసిన ఓనర్లను వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. పదేళ్లు, పదిహేనేళ్లు దాటిన బండ్లలో ఒక్కసారి కూడా దించి కడగని ట్యాంకులు ఉన్నాయంటే మెకానిక్కులెవరూ ఆశ్చర్యపోరు.

ఇది ఓనరు జేబుకు సంబంధించిన సంగతి మాత్రమే అయితే పత్రికలో రాయాల్సిన పని లేదు. ఇందులో డ్రైవర్ల మర్యాద ఉంది. షెడ్డుల్లో పనిచేసే కుర్రాళ్ల ప్రాణాలున్నాయి. ఊరి కాలువలు, చెరువులు ఉన్నాయి.

నింద మోసేది డ్రైవరే

జబ్బు మొదలయ్యే తీరు ఎప్పుడూ ఒకటే. బండి ఖాళీగా ఉన్నప్పుడు బాగానే పోతుంది. లోడుతో మిట్ట ఎక్కేటప్పుడు ఊపిరాడనట్టు ముక్కుతుంది, ఆగిపోతుంది. పది నిమిషాలు ఆగి సెల్ఫు కొడితే ఏమీ ఎరగనట్టు మళ్లీ స్టార్టవుతుంది. ఫిల్టరు మారిస్తే నాలుగు రోజులు నిమ్మళం. ఐదో రోజు మళ్లీ అదే కథ.

ఫోను చేస్తే అవతల నుంచి వచ్చే మొదటి మాట, "ఏమప్పా, డీజిల్ ఎక్కడ పోయించినావు?" డ్రైవరు "బంకులోనే అన్నా" అంటాడు. ఓనరు నమ్మడు. మంచి డీజిల్ అమ్ముకుని కల్తీది పోయించాడేమోనని అనుమానం. ఆ నెల జీతంలో కోత పడుతుంది, బత్తా ఆగుతుంది. కొన్నిచోట్ల పనే పోతుంది. డీజిల్ దొంగతనాలు లేవని ఎవరూ అనరు. ఉన్నాయి. కానీ ఆగిపోయిన ప్రతి బండికీ దొంగతనమే కారణం కాదు. ఇంటి దొంగను ఈశ్వరుడైనా పట్టలేడంటారు. ఇక్కడ ఇంటి దొంగ ట్యాంకు అడుగునే కూర్చుని ఉంటాడు. పట్టుకోవడం సులువే, కాకపోతే మూత తీయాలి.

నీళ్లు ఎక్కడి నుంచి వస్తాయి?

ఎవరూ పోయకుండానే ట్యాంకులోకి నీళ్లు వస్తాయి. సగం ఖాళీగా ఉన్న ట్యాంకులో మిగతా సగం గాలి. పగటి ఎండకు కాగిన రేకు రాత్రికి చల్లబడితే, ఆ గాలిలోని తేమ లోపలి గోడలకు చెమటలా పట్టి కిందికి జారుతుంది. మూత రబ్బరు అరిగిపోతే వాన నీళ్లు, బండి కడిగిన నీళ్లు దిగుతాయి. లీటరు డీజిల్ బరువు 850 గ్రాముల లోపే, లీటరు నీళ్లు కిలో. అందుకే నీళ్లు అడుగుకు చేరతాయి. అక్కడ రేకును తింటాయి, తుప్పు పొరలు పొరలుగా లేస్తుంది. నీళ్లకు, డీజిల్‌కు మధ్యన కంటికి కనపడని బూజు, సూక్ష్మజీవులు పెరుగుతాయి. వాటికి డీజిలే తిండి. అవి పెరిగి చచ్చి జిగురులా తయారైందే నల్లటి మడ్డి. లోడు మీద ఇంజను గట్టిగా లాగినప్పుడు ఆ మడ్డి పైపు మూతికి అడ్డం పడుతుంది. ఇంజను ఆగగానే కిందికి జారుతుంది. అందుకే పది నిమిషాల తర్వాత బండి మళ్లీ కదులుతుంది. ఇందులో మాయ లేదు, మంత్రం లేదు.

బళ్లారి సీమ లారీలకు ఈ జబ్బు ఎక్కువ కావడానికి ఇంకో కారణం కూడా ఉంది. గనుల జోరు నడిచిన రోజుల్లో కంతుల మీద లారీలు కొన్న తెలుగు కుటుంబాలు ఇక్కడ తక్కువేమీ కాదు. సండూరు గనుల ఖనిజం కృష్ణపట్నం, చెన్నై రేవుల దాకా లారీల్లో పోయింది. 2011 జులైలో సుప్రీంకోర్టు బళ్లారి జిల్లాలో మైనింగ్ ఆపేసింది. ఎక్కడి లారీలు అక్కడ నిలిచిపోయాయి. 2013 ఏప్రిల్ తీర్పు తర్వాత కొన్ని గనులు షరతుల మీద తెరుచుకునే దాకా, ఆ తర్వాత కూడా, వేల బండ్లు ఖాళీ స్థలాల్లో, పొలం గట్ల మీద ఎండకు ఎండి వానకు తడిశాయి. ట్యాంకులో కాస్తో కూస్తో డీజిల్ అలాగే ఉండిపోయింది. కదలని బండిలో నిలవున్న డీజిల్ కంటే బూజుకు మంచి చోటు ఏముంటుంది? అలాంటి బండ్లు తర్వాత చేతులు మారాయి. రంగు కొత్తది, టైర్లు కొత్తవి, ట్యాంకు మాత్రం పాతదే.

కరోనా ఏడాది 2020లోనూ అదే జరిగింది. నెలల తరబడి బండ్లు ఆగాయి. మళ్లీ తీసినప్పుడు బ్యాటరీ మార్చారు, టైర్లకు గాలి పట్టారు. ట్యాంకు సంగతి ఎవరికి గుర్తొచ్చింది?

నోటితో లాగుడు.. ప్రాణాలతో చెలగాటం

కడిగే రోజు వచ్చినా కడిగే పద్ధతి ఇంకా భయం కలిగించేదిగా ఉంది. రోడ్డు పక్క షెడ్డులో పదహారు, పదిహేడేళ్ల కుర్రాడు రబ్బరు పైపు ట్యాంకులోకి వదిలి నోటితో డీజిల్ లాగుతాడు. గొంతులోకి పోతే ఉమ్మేసి నవ్వుతాడు. పక్కవాళ్లూ నవ్వుతారు. ఇది నవ్వులాట కాదు. డీజిల్ ఒక్క గుక్క ఊపిరితిత్తుల్లోకి జారినా అక్కడ వాపు పుట్టి ప్రాణం మీదికి రావచ్చు. మింగినవాడికి ఉప్పునీళ్లు తాగించి కక్కించడం ఇంకా ప్రమాదం. కక్కేటప్పుడే అది ఊపిరితిత్తుల్లోకి దిగుతుంది. కక్కించకుండా నేరుగా ఆసుపత్రికి తీసుకుపోవాలి. ఇన్ని మాటలెందుకు, చేత్తో తిప్పే పంపు ఒకటి షెడ్డులో ఉంటే ఆ కుర్రాడు నోరు పెట్టే అవసరమే రాదు.

రెండోది వెల్డింగు. తుప్పు తిన్న ట్యాంకు కారుతుంటే ఖాళీ చేసి అతుకు వేయించేస్తారు. "డీజిలే కదా, పెట్రోలు కాదు కదా, అంటుకోదు" అని ధీమా. మన దేశపు డీజిల్ ప్రమాణం ఐఎస్ 1460 ప్రకారం డీజిల్ నుంచి మంట అంటుకునేంత ఆవిరి లేచే వేడి కనీసం 35 డిగ్రీలు ఉంటే చాలు. బళ్లారి ఎండాకాలంలో నీడలోనే 40 డిగ్రీలు దాటడం కొత్తేమీ కాదు. ఎండలో నిలబెట్టిన లారీ ట్యాంకు రేకు ఇంకెంత కాగుతుందో చెప్పక్కర్లేదు. పైగా నిండు ట్యాంకు కంటే ఖాళీ ట్యాంకే ఎక్కువ ప్రమాదం. లోపల ఆవిరి, గాలి రెండూ కలిసి ఉంటాయి. అడుగున అంటుకున్న మడ్డి వెల్డింగు వేడికి మళ్లీ ఆవిరవుతుంది. ఒక్క నిప్పురవ్వతో ట్యాంకు బాంబవుతుంది. ఆవిరి పట్టించి, కడిగి, లోపల మండే వాయువు లేదని తేల్చుకునే ఏర్పాటు ఉన్నచోటే అతుకు వేయించాలి. అది లేని షెడ్డులో ట్యాంకు మార్చుకోవడమే మేలు. ట్యాంకు ఖరీదుకు, మనిషి ఖరీదుకు పోలికా?

సరైన పని ఇదీ

నిజానికి పని బ్రహ్మవిద్యేం కాదు. బండిని రాత్రంతా కదపకుండా ఉంచితే నీళ్లు, మడ్డి అడుగుకు దిగుతాయి. పొద్దున చల్లపూట, మంట, బీడీ దరిదాపుల్లో లేని చోట, బ్యాటరీ వైరు తీసి, అడుగు బోల్టు విప్పి మొదట వచ్చే నీళ్లను, మడ్డిని వేరే డబ్బాలో పట్టాలి. మిగతా డీజిల్‌ను డ్రమ్ములోకి తీయాలి. పట్టీలు విప్పి ట్యాంకు దించాలి. గేజి ఫ్లోటు, పీల్చే పైపు, దాని జాలీ తీసి శుభ్రం చేయాలి. మంచి డీజిల్ కొంచెం కొంచెం పోసి ఊపి ఊపి, వచ్చే ద్రవం తేటగా మారేదాకా కడగాలి. నీళ్లతో కడిగి సరిగా ఆరబెట్టకపోతే జబ్బును మళ్లీ పిలిచినట్టే. పెట్రోలుతో కడగడం అసలే కూడదు. లోపల తుప్పు పెచ్చులుగా రాలుతుంటే ఆ ట్యాంకుకు ఇక నూకలు చెల్లినట్టే లెక్క.

ఆ తర్వాత పైపుల్లో గాలి కొట్టించాలి. రెండు ఫిల్టర్లూ మార్చాలి. ఎయిరు తీసి స్టార్టు చేయాలి. కొన్ని వందల కిలోమీటర్లు తిరిగాక ఫిల్టరు ఇంకోసారి మార్చాలి, మూలల్లో మిగిలిన మురికి అప్పుడు బయటికొస్తుంది. బూజు పట్టిన ట్యాంకైతే కడిగాక బూజును చంపే మందు కూడా వేయాలి, లేకపోతే మళ్లీ పుడుతుంది. సీసా మందు పోస్తే కడగక్కర్లేదనే మాట మాత్రం నమ్మొద్దు. మందు మడ్డిని మాయం చేయదు.

ఖర్చు ఎవరిది?

చిన్న ఓనరు బాధ కూడా వినాలి. ఒకే బండి, దాని మీద కంతు, ఇన్సూరెన్సు, పర్మిటు. ఒకటి రెండు రోజులు బండి ఆపితే కిరాయి పోతుంది. "ఈ ట్రిప్పు అయిపోనీ" అని వాయిదా వేయడం అందుకే. కానీ లెక్క సరిగా వేస్తే ఆ వాయిదాయే ఖరీదైనది. పాత బండి డీజిల్ పంపు, నాజిళ్లు సన్నటి సందులతో పనిచేస్తాయి. నీళ్లు, తుప్పు వాటిలోకి పోతే సర్వీసు ఖర్చు ట్యాంకు కడిగిన కూలి కంటే ఎన్నో రెట్లు. కామన్ రైలు బండ్లలో అయితే ఇంకా ఘోరం. మిట్ట మీద లోడుతో బండి ఆగితే వెనక వచ్చే వాహనాలకు జరిగే నష్టానికి లెక్కే లేదు.

కాబట్టి ఒక మాట తేల్చుకోవాలి. ట్యాంకు కడిగించడం బండి యజమాని ఖర్చు. డ్రైవరు జీతంలో కోసే ఖర్చు కాదు. డ్రైవరును అనుమానించే ముందు అడుగు బోల్టు విప్పి ఒక గాజు సీసాలో డీజిల్ పట్టి గంటసేపు కదపకుండా ఉంచండి. అడుగున నీళ్లు తేలితే దోషి ఎవరో సగం తెలుస్తుంది. బంకు మీద అనుమానం ఉంటే సాంద్రత చూపించమని అడిగే హక్కు కొనేవాడికి ఉంది. అడగాలి, బిల్లు దాచుకోవాలి. కల్తీ మీద చర్య తీసుకోవడానికి 2005 నాటి కేంద్ర ఉత్తర్వు ఉంది. బిల్లు లేని క్యాను డీజిల్ పోయించుకుని తర్వాత ఎవరిని అడుగుతారు?

కన్నడం బోర్డు.. తెలుగు మాట

ఇక మడ్డి. ఇప్పుడది షెడ్డు వెనక మట్టిలోకో, మోరీలోకో పోతోంది. వాన పడితే కాలువలోకి, అక్కడి నుంచి చెరువులోకి. నూనె కలిసిన మడ్డి, నూనె అంటిన ఫిల్టర్లు 2016 నాటి ప్రమాదకర వ్యర్థాల నిబంధనల జాబితాలోకి ఎక్కినవి. ఒక్కో షెడ్డువాడు ఒక్కో డబ్బా పట్టుకుని అనుమతి ఉన్న రీసైక్లింగు యూనిట్ దాకా పోలేడు నిజమే. లారీ ఓనర్ల సంఘాలు తలుచుకుంటే పోవచ్చు. ట్రక్ టెర్మినల్ దగ్గర ఒక సిమెంటు గచ్చు, రెండు చేతిపంపులు, మడ్డికి మూత ఉన్న డ్రమ్ములు, మంటలార్పే సిలిండరు. సంఘానికి ఇదేమంత మోయలేని భారం కాదు. అందరికీ ఒకేచోట పని జరిగితే మడ్డి పోగవుతుంది, పద్ధతిగా పంపొచ్చు.

ఇంకో చిన్న సంగతి. 1953 అక్టోబరులో బళ్లారి మైసూరు వైపు వచ్చినప్పటి నుంచి ఇక్కడి తెలుగువాళ్లకు రెండు భాషలు అలవాటే. అయినా షెడ్డుల్లో పరిస్థితి చిత్రంగా ఉంటుంది. కంపెనీ పుస్తకం ఇంగ్లీషులో, బోర్డు కన్నడంలో, పని నేర్పే మాట తెలుగులోనో ఉర్దూలోనో. అనంతపురం, కర్నూలు పల్లెల నుంచి వచ్చిన క్లీనరు కుర్రాడికి ఈ బోర్డు చదవడం రాదు. "నోటితో లాగవద్దు", "ట్యాంకుకు వెల్డింగు వద్దు" అన్న రెండు ముక్కలు కన్నడంతో పాటు తెలుగులో, ఉర్దూలో రాయించడానికి ఏ అధికారి అనుమతీ అక్కర్లేదు. ఒక రంగు డబ్బా చాలు. లారీల మీద నెమళ్లు గీసే చెయ్యే ఈ అక్షరాలూ రాస్తుంది.

వచ్చే ఆయుధపూజకు బండి పైన కడగడానికి ముందు ట్యాంకు లోపల కడిగించండి. పూజ సామాను పక్కన ఒక చేతిపంపు కూడా కొని పెట్టండి. నోటితో డీజిల్ లాగే ఆ కుర్రాడూ ఎవరి బిడ్డో.