కొత్త నీటికి అడుగు పటం: ఉత్తర తెలంగాణ జలాశయాల్లో వేట ప్రణాళిక ఆవశ్యకత

సముద్ర తీరమే లేని ఉత్తర తెలంగాణలో తెలియని నీటిలో వేట అన్న మాట వింతగా తోచవచ్చు. కానీ ఉమ్మడి కరీంనగర్, ఆదిలాబాద్ జిల్లాల మత్స్యకారులలో అనేకులకు అది నిత్యానుభవం. గోదావరి, మానేరు, కడెం నదుల మడుగుల్లోను, గ్రామ చెరువుల్లోను తరతరాలుగా వల వేసిన గంగపుత్ర, ముదిరాజ్ కుటుంబాల ముందు నేడు విస్తారమైన జలాశయాలు ఉన్నాయి. 1985 నాటికి పూర్తయిన దిగువ మానేరు జలాశయ సామర్థ్యం సుమారు 24 టీఎంసీలు. పెద్దపల్లి, మంచిర్యాల జిల్లాల నడుమ గోదావరిపై నిర్మించిన శ్రీపాద ఎల్లంపల్లి జలాశయానిది 20 టీఎంసీలు. మాన్వాడ వద్ద నిర్మించిన మధ్య మానేరు జలాశయానిది దాదాపు 27 టీఎంసీలు. చెరువులో నడుము లోతు నీటిలో నిలబడి విసురు వల వేసే నైపుణ్యం, ఆవలి ఒడ్డు కనిపించని ఈ జలాశయాల్లో కొంతవరకే అక్కరకు వస్తుంది.

రాష్ట్ర ప్రభుత్వం 2016లో ఉచిత చేప పిల్లల పంపిణీ పథకాన్ని ప్రారంభించింది. బొచ్చె, రవ్వ, మృగాల, బంగారుతీగ పిల్లలు చెరువులతో పాటు జలాశయాలకూ చేరాయి. ఉత్పత్తి పెంపుదలకు ఇది అవసరమైన చర్య. అయితే నీటిలో చేపను పెంచడం ఒక పని, ఆ చేపను ప్రాణాపాయం లేకుండా, వల నష్టపోకుండా పట్టుకోవడం మరొక పని. మొదటి పనికి లభించిన శ్రద్ధలో కొంతైనా రెండవ పనికి లభించవలసి ఉంది.

సముద్రానికి ఉన్న వ్యవస్థ

తీర ప్రాంత మత్స్యకారుడు వేటకు బయలుదేరే ముందు అతనికి అందే సమాచారాన్ని పరిశీలిస్తే ఈ వ్యత్యాసం స్పష్టమవుతుంది. 1999లో ఏర్పడిన భారత జాతీయ మహాసముద్ర సమాచార సేవా కేంద్రం (ఇన్‌కాయిస్) హైదరాబాదులోనే ఉంది. ఉపగ్రహాల ద్వారా సముద్ర ఉపరితల ఉష్ణోగ్రతను, పత్రహరితపు గాఢతను గమనించి, చేపలు గుమికూడే అవకాశం ఉన్న ప్రాంతాలను అది సూచిస్తుంది. అలల ఎత్తు, గాలి వేగం గురించిన అంచనాలను కూడా అందిస్తుంది. తూర్పు తీరంలో ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు 61 రోజుల పాటు యాంత్రిక పడవల వేటపై నిషేధం అమలవుతుంది. ఎప్పుడు వెళ్ళాలి, ఎటు వెళ్ళాలి, ఎప్పుడు వెళ్ళకూడదు అన్న మూడు ప్రశ్నలకు అక్కడ వ్యవస్థాపరమైన సమాధానం ఉంది.

ఆ వ్యవస్థ ఉన్న చోట కూడా తెలియని నీరు మూల్యం కోరుతూనే ఉంటుంది. శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల నుంచి గుజరాత్‌లోని వెరావల్‌కు వలస వెళ్ళి అక్కడి పడవలపై పనిచేసే మత్స్యకారులలో కొందరు 2018 నవంబరులో సముద్ర సరిహద్దు దాటారన్న ఆరోపణపై పాకిస్థాన్‌లో నిర్బంధానికి గురయ్యారు. వారిలో 20 మంది 2020 జనవరిలో వాఘా సరిహద్దు మీదుగా స్వదేశం చేరారు. వారు వేటలో అనుభవం లేనివారు కారు. స్వస్థలపు నీటిలో గడించిన అనుభవం మరొక నీటిలో దారి చూపకపోవచ్చునని ఈ ఉదంతం తెలియజేస్తుంది. నది నుంచి జలాశయానికి మారిన మత్స్యకారుని స్థితి కూడా ఇటువంటిదే. అయితే అతడు ఊరు విడిచి వెళ్ళలేదు, నీరే మారిపోయింది.

మారినవి ఏవి?

మొదటిది అడుగు. చెరువు అడుగు ఏటా ఎండాకాలంలో కనిపిస్తుంది కనుక గ్రామంలో అందరికీ తెలుసు. జలాశయం అడుగున మునిగిన గ్రామాలు ఉన్నాయి. మధ్య మానేరులో వరదవెల్లి, కొదురుపాక, అనుపురం వంటి గ్రామాల ఇళ్ళ గోడలు, వ్యవసాయ బావులు, చెట్ల మొద్దులు నీటి కింద ఉన్నాయి. గిల్ నెట్లు వీటికి తగులుకొని చినుగుతాయి. చిక్కిన వలను విడిపించుకోవడానికి తెప్ప మీది నుంచి వంగినప్పుడు, నీటిలోకి దిగినప్పుడు ప్రమాదం పొంచి ఉంటుంది.

రెండవది నీటి మట్టం. కడెం నది పరీవాహకం కొండలతో కూడినది కనుక వాన కురిసిన కొద్ది గంటల్లోనే వరద జలాశయాన్ని చేరుతుంది. 2022 జూలైలో కడెం ప్రాజెక్టుకు 5 లక్షల క్యూసెక్కులకు మించిన వరద వచ్చింది. దాని 18 గేట్ల విడుదల సామర్థ్యం దాదాపు 3 లక్షల క్యూసెక్కులే. అటువంటి రోజు అరుదే కావచ్చు. కానీ గేట్లు ఎత్తినప్పుడు ఎగువన ఆనకట్ట సమీపంలో పుట్టే లాగుడు, దిగువన అకస్మాత్తుగా పెరిగే ప్రవాహం ప్రతి వర్షాకాలంలోనూ ఉంటాయి. ఎత్తిపోతల పంపులు నడిచినప్పుడు వాన లేకుండానే మట్టం మారుతుంది. 2023 అక్టోబరులో మేడిగడ్డ వద్ద స్తంభాలు కుంగిన తరువాత అక్కడ నిల్వ నీటిని విడుదల చేయవలసి వచ్చింది. జలాశయం ఏటా ఒకే రీతిగా నిలిచి ఉంటుందన్న హామీ కూడా లేదు.

మూడవది గాలి. విశాలమైన నీటిపై గాలికి అడ్డు ఉండదు. ఏప్రిల్, మే నెలల సాయంత్రాలలో ఈదురు గాలులతో వచ్చే వానలకు పొట్టిగా, నిటారుగా, వెంటవెంటనే అలలు లేస్తాయి. థర్మకోల్ తెప్పకు ఇవి ఎంత మాత్రం అనువైనవి కావు.

నాలుగవది చేప ప్రవర్తన. బొచ్చె పై పొరలోను, రవ్వ మధ్య పొరలోను, మృగాల అడుగునను మేత తీసుకుంటాయన్నది చెరువుకు చెప్పే పాఠం. లోతైన జలాశయంలో వేసవిలో నీరు పొరలుగా విడిపోయి అడుగున ప్రాణవాయువు తగ్గినప్పుడు చేప ఆ లోతును విడిచిపెడుతుంది. అప్పుడు అడుగు వరకు దించిన వల ఖాళీగానే తిరిగి వస్తుంది. కొత్తగా నిండిన జలాశయంలో మునిగిన పైరు, గడ్డి కుళ్ళి పోషకాలు విడుదలై తొలి సంవత్సరాలలో దిగుబడి బాగుంటుంది. ఆ తరువాత తగ్గుతుంది. ఈ తగ్గుదల సహజమని ముందుగా తెలియకపోతే, మత్స్యకారుడు అప్పు చేసి మరిన్ని వలలు కొంటాడు, చిన్న కన్ను వలలకు మారి ఎదగని చేపను పట్టివేస్తాడు.

అడుగు పటం ఎక్కడ లభిస్తుంది?

ఈ నాలుగు విషయాలలో చివరి మూడింటికి సమాచారం ఏదో ఒక రూపంలో ఉంది. నీటి మట్టాలు, గేట్ల వివరాలు నీటిపారుదల శాఖ వద్ద, గాలివానల హెచ్చరికలు వాతావరణ శాఖ వద్ద, చేప జీవశాస్త్రం పాఠ్యగ్రంథాలలో లభిస్తాయి. వాటిని ఒకచోట చేర్చి సరళమైన తెలుగులో అందించడం సాధ్యమే. అసలు కొరత అడుగును గురించినదే.

ఆ కొరతను తీర్చే ఆధారాలు కూడా రెండు చోట్ల ఉన్నాయి. ఒకటి భూసేకరణ రికార్డు. ముంపునకు గురైన ప్రతి ఇంటికి, బావికి, చెట్టుకు పరిహారం నిర్ణయించడానికి సర్వే నంబరు వారీగా లెక్క తీస్తారు. పరిహారం చెల్లించిన తరువాత ఆ జాబితా బీరువాకు చేరుతుంది. గ్రామ నక్షాపై దానిని గుర్తిస్తే అదే వలకు అడ్డు తగిలే స్థలాల పటం అవుతుంది.

రెండవది నిర్వాసితుల జ్ఞాపకం. ఏ వాగు ఎక్కడ మలుపు తిరిగేది, ఏ గుట్ట పక్కన మడుగు ఉండేది, ఏ మోటబావికి గిరక రాళ్ళు మిగిలి ఉన్నాయి అన్నది ఆ నేలపై బతికినవారికే తెలుసు. కానీ ఈ ఆధారం కరిగిపోతున్నది. 1965 నాటికి పూర్తయిన కడెం ప్రాజెక్టు ముంపు భూములను పెద్దవారై ఉండి చూసినవారు నేడు బహు కొద్దిమంది. దిగువ మానేరు ముంపు గ్రామాలను ఎరిగినవారు వృద్ధాప్యంలో ఉన్నారు. మధ్య మానేరు, ఎల్లంపల్లి నిర్వాసితుల జ్ఞాపకం మాత్రం ఇంకా తాజాగా ఉంది. ఇప్పుడు నమోదు చేయకపోతే మరొక తరం తరువాత అడగడానికి ఎవరూ ఉండరు.

అభ్యంతరాలు

మత్స్యకారునికి నీటిని గురించి శాస్త్రవేత్త చెప్పవలసినదేమిటన్న ప్రశ్న సహజం. అందులో నిజం ఉంది. ఏళ్ళ తరబడి దిగువ మానేరులో వేటాడినవారికి అక్కడి అడుగు బాగానే తెలుసు. అయితే ఆ తెలివి వలలు చింపుకొని, తోటివారిని పోగొట్టుకొని సంపాదించినది కావచ్చు. కొత్త సభ్యుడు అదే మూల్యం మళ్ళీ చెల్లించనక్కరలేకుండా చేయడమే విస్తరణ పని. పటం వారికి బోధించడానికి కాదు, వారితో కలిసి గీయడానికి.

జలాశయపు అడుగు పూడికతో మారిపోతుంది కనుక పటం నిలవదన్నది మరొక వాదన. శ్రీరాంసాగర్ సామర్థ్యం తొలినాటి 112 టీఎంసీల నుంచి పూడిక వల్ల దాదాపు 80 టీఎంసీలకు తగ్గిన మాట వాస్తవమే. పటాన్ని మానుకోవడానికి ఇది కారణం కాదు, కొన్నేళ్ళకొకసారి సవరించడానికి కారణం.

విస్తరణ వ్యవస్థ చేయదగినది

జమ్మికుంట, రామగిరిఖిల్లా, బెల్లంపల్లి, ఆదిలాబాద్ కృషి విజ్ఞాన కేంద్రాలు ఈ జలాశయాలకు అందుబాటులో ఉన్నాయి. మత్స్య శాఖ, మత్స్య సహకార సంఘాల తోడ్పాటుతో ఒక్కొక్క కేంద్రం ఒక్క జలాశయాన్ని ఎంచుకొని పని ప్రారంభించవచ్చు. ఏప్రిల్ నుంచి జూన్ వరకు మట్టం తగ్గినప్పుడు బయటపడే గోడలు, మొద్దుల స్థానాలను సెల్‌ఫోన్ జీపీఎస్‌తో గుర్తించవచ్చు. నీరు నిండిన తరువాత, చివర బరువు కట్టి మూరకొక ముడి వేసిన తాడుతోనే లోతులు కొలవవచ్చు. గ్రామీణ అనుభవ కార్యక్రమంలో భాగంగా గ్రామాల్లో గడిపే విద్యార్థులకు నిర్వాసిత వృద్ధుల జ్ఞాపకాలను నక్షాపై నమోదు చేసే పని అప్పగించవచ్చు.

ఫలితం ఒక్క పుటకు మించనక్కరలేదు. ఒకవైపు అడ్డంకులు, లోతులు, ఆనకట్ట సమీపంలోని నిషిద్ధ హద్దు, గాలివాన వచ్చినప్పుడు ఒడ్డు చేరదగిన చోట్లు ఉండాలి. మరొకవైపు గేట్లు ఎత్తే ముందు సమాచారం ఎవరి నుంచి అందుతుంది, వర్షాకాలపు సంతానోత్పత్తి వేళ ఏ భాగాన్ని వేటకు విడిచిపెట్టాలి, ఎంత కన్ను వల వాడాలి అన్నవి ఉండాలి. ఎవరు ఎటు వెళ్ళారో, ఎప్పటికి తిరిగి రావాలో సంఘం వద్ద రాసి వెళ్ళే అలవాటు, లైఫ్ జాకెట్ ధారణ దీనితో పాటే రావాలి. ప్రధానమంత్రి మత్స్య సంపద యోజన కింద మరణించిన మత్స్యకారుని కుటుంబానికి 5 లక్షల రూపాయల ప్రమాద బీమా ఉంది. అది జరిగిన నష్టానికి ఊరట మాత్రమే.

జలాశయాల ఉత్పాదకతను హెక్టారుకు కిలోలలో లెక్కించడం పరిశోధనలో పరిపాటి. ఆ లెక్క పక్కన చినిగిన వలల విలువ, జరిగిన ప్రమాదాల సంఖ్య కూడా నమోదైతే, ఏ జలాశయానికి ముందుగా అడుగు పటం కావాలో స్పష్టమవుతుంది. రానున్న వేసవిలో మధ్య మానేరు మట్టం తగ్గేనాటికి ఆ తొలి పటానికి సన్నాహాలు పూర్తి కావడం అవసరం.