డీజే పాటలో ఆమె పేరెక్కడ?

పోయిన మాఘమాసంలో పామిడిలో మా దాయాదుల ఇంట పెళ్ళికి పోయాను. రాత్రి మెరవణి. ట్రాక్టరు ట్రాలీ మీద మనిషెత్తు బాక్సులు, రంగు లైట్లు, లాప్‌టాప్ ముందు ఇరవై ఏళ్ళ పిల్లాడు. ముందు నలభై మంది మగపిల్లలు ఎగురుతున్నారు. ఆడవాళ్ళం అరుగుల మీదా గడపల్లోనూ నిలబడి చూస్తున్నాం. ఒక పాట మొదలైంది. గట్టుమీంచి పిలిచినట్టున్న ఆడ గొంతు. పాట మొత్తం లేదు, ఒకే ముక్క తిరిగి తిరిగి వస్తోంది. కింద గుండె అదిరే బేస్. అర నిమిషానికొకసారి ఒక మగ గొంతు మధ్యలో దూరి తన పేరూ తన ఊరి పేరూ చెప్పుకుంటోంది. మా పెద్దమ్మ నా చెవి దగ్గరికొచ్చి అరిచింది: "ఇది మేం శెనక్కాయలు ఒలిచేటప్పుడు పాడుకునే పాటే కదా పాపా! మధ్యలో అరిచేటోడు ఎవురు?"

అరిచినవాడు ఆ మిక్సు చేసిన డీజే. వాళ్ళ భాషలో దాన్ని ట్యాగ్ అంటారు. తన పనిని ఇంకొకడు ఎత్తుకుపోకుండా పాట ఒంటి మీద పొడిచే పచ్చబొట్టు అది. అంటే ఈ కుర్రాళ్ళకు పేరు విలువ తెలీదని కాదు, బాగా తెలుసు. పాడినామె పేరు మాత్రం ట్యాగులో ఉండదు, పాట శీర్షికలోనూ ఉండదు. యూట్యూబులో వారం వారం వచ్చిపడే ఈ కొత్త 'రిలీజు'ల పేర్లు చూడండి. రోడ్ షో మిక్స్, తీన్మార్ మిక్స్, ఈ మధ్య టెక్ హౌస్ మిక్స్ కూడా. డీజే పేరుంటుంది, ఊరుంటుంది, ఫోన్ నంబరు కూడా ఉంటుంది. గొంతు ఎవరిదో ఉండదు.

టెక్ హౌస్ అనే మాట మన పత్రికలో ఇదివరకు వచ్చి ఉండదు కాబట్టి కొంచెం చెప్పాలి. హౌస్ సంగీతం 1980ల తొలినాళ్ళలో అమెరికాలోని షికాగోలో పుట్టింది. వేర్‌హౌస్ అనే క్లబ్బులో ఫ్రాంకీ నకల్స్ అనే నల్లజాతి డీజే తిప్పిన రికార్డుల నుంచి ఆ పేరు వచ్చిందంటారు. అక్కడ ఆడినవాళ్ళలో ఎక్కువమంది నల్లజాతి, లాటినో స్వలింగ ప్రేమికులు. బయట తలెత్తుకోలేని శరీరాలు ఆ చీకటి గదిలో తెల్లారేదాకా ఆడాయి. నిమిషానికి సుమారు 120 నుంచి 130 దెబ్బలు, ప్రతి దెబ్బకూ ఒకే బరువు. మొదట్లోనూ చివర్లోనూ ఉత్త దెబ్బలే ఉంటాయి, ఒక రికార్డును ఇంకోదానికి అతుకు తెలియకుండా కలపడానికి. దీంట్లోంచి పాటను ఇంకా తగ్గించి, బేసునూ యంత్రపు దెబ్బనూ పెంచితే వచ్చిందే 1990ల టెక్ హౌస్. పాట తగ్గేకొద్దీ మిగిలేది గొంతు ముక్క. ఆ ముక్క చాలాసార్లు ఆడదాని గొంతే.

1989లో బ్లాక్ బాక్స్ అనే ఇటలీ బృందం 'రైడ్ ఆన్ టైమ్' విడుదల చేసింది. ఆ ఏడాది బ్రిటన్‌లో అన్నిటికంటే ఎక్కువ అమ్ముడుపోయిన సింగిల్ అదే. అందులో అరిచే గొంతు లొలియాటా హాలొవే అనే నల్లజాతి గాయనిది. 1980లో ఆమె పాడిన 'లవ్ సెన్సేషన్' నుంచి కోసుకున్నారు. వీడియోలో పెదవులు కదిపింది ఒక మోడల్. అదే బృందపు ఇతర పాటల్లోనూ, 1990లో సీ అండ్ సీ మ్యూజిక్ ఫ్యాక్టరీ వాళ్ళ పెద్ద హిట్టులోనూ మార్తా వాష్ గొంతు వాడుకుని, తెర మీద సన్నటి అమ్మాయిలను నిలబెట్టారు. మార్తా వాష్ లావుగా ఉంటుంది. గొంతు పనికొచ్చింది, ఒళ్ళు పనికిరాలేదు. ఆమె కోర్టుకెక్కింది. కంపెనీలు రాజీకొచ్చి ఆమెకు గాయనిగా గుర్తింపు ఇవ్వాల్సివచ్చింది. అణగారినవాళ్ళు తమకోసం కట్టుకున్న సంగీతంలోనే, అది అమ్ముడుపోవడం మొదలవగానే, ఆడవాళ్ళ గొంతు ఇట్లా ముడిసరుకైంది.

మన దగ్గరికొద్దాం. పామిడికి పొరుగునున్న గుత్తి మండలంలోని ఒక తండా నుంచి వచ్చిన మంగ్లీ గొంతు లేకుండా ఈ రోజు తెలుగు డీజే నడవదు. ఆమె పేరు అందరికీ తెలుసు, నిజమే. కానీ ఒక లంబాడా స్త్రీ ఇంత పేరు తెచ్చుకోవడానికి టీవీ, యూట్యూబు, సినిమా మూడూ కావాల్సివచ్చాయి. అవేవీ లేనివాళ్ళ సంగతి? 2021లో 'లవ్ స్టోరీ' సినిమాలో ఆమె పాడిన 'సారంగ దరియా' వచ్చినప్పుడు, ఆ జానపదాన్ని తాను ముందే 'రేలా రే రేలా' కార్యక్రమంలో పాడానని కోమలి అనే గాయని గుర్తింపు కోసం నిలదీసింది. ఆమెకు కనీసం నిలదీయడానికి ఒక టీవీ రికార్డింగు ఉంది. కాయలు ఒలిచేచోట పాడినామెకు ఏముంది?

జానపదానికి కర్త లేడు కాబట్టి ఎవరైనా వాడుకోవచ్చని ఒక వాదన ఉంది. చదువుకున్నవాళ్ళే ఎక్కువగా అంటారు. పాటకు కర్త ఎవరో తెలియకపోవచ్చు, పాడిన మనిషి మాత్రం మన ఎదుటే ఉంది కదా? 2012లో సవరించిన మన కాపీరైటు చట్టంలో 38బి అనే సెక్షను ఉంది. ఈ ప్రదర్శన ఫలానావారిది అని గుర్తింపు కోరే హక్కును అది ప్రదర్శనకారులకిచ్చింది. తన పరువుకు భంగం కలిగేలా ప్రదర్శనను వక్రీకరిస్తే అడ్డుకునే హక్కునూ ఇచ్చింది. చట్టం పుస్తకంలో ఉంది. ట్రాలీ మీది పిల్లాడికి అది తెలీదంటే అర్థం చేసుకోగలను. మనకెందుకు పట్టలేదు?

ఎందుకంటే డీజే అనగానే మనం చెవులు మూసుకుంటాం. ఒక సదస్సులో నేను డీజే పాటల మీద మాట్లాడతానంటే, అదీ ఒక సాహిత్య విషయమేనా అని ఒక పెద్దాయన నవ్వారు. పక్కనున్న స్త్రీవాద మిత్రులూ నవ్వారు. ఆయన సంగతి వదిలేయండి, నాకు వీళ్ళ నవ్వే ఇంకా గుచ్చుకుంటోంది. డీజే వచ్చి జానపదాన్ని చంపేసిందని అందరం ఏకకంఠంతో దుఃఖిస్తాం. డీజేకి ముందు వీధి మనదా? మా అనంతపురం ఉరుములు వాయించేది మగవాళ్ళే. మెరవణి ముందు తప్పెట పట్టిందీ, తాగి చిందేసిందీ వాళ్ళే. మన పాట విసుర్రాయి దగ్గరా, కలుపు చాళ్ళలోనూ ఉండేది. వీధి అప్పుడూ మనది కాదు. పోయినదాని గురించి ఏడ్చేముందు అది ఎవరి చేతిలో ఉండేదో చూసుకోవద్దా?

ఇక నిషేధం. 2024 అక్టోబరులో హైదరాబాదు పోలీసులు మతపరమైన ఊరేగింపుల్లో డీజేలను నిషేధించారు. చప్పుడు సంగతి నేను తేలిక చేయను. గుండెజబ్బు మనిషి ఇంట్లో ఉంటే ఆ బాక్సులు ఎంత నరకమో నాకు తెలుసు. 2000 నాటి శబ్ద కాలుష్య నిబంధనల ప్రకారం నివాస ప్రాంతంలో పగలు 55 డెసిబెల్స్, రాత్రి 45 మించకూడదు. అమలు చేయండి, సంతోషం. కానీ మన అభ్యంతరం కూడా డెసిబెల్స్ దగ్గరే ఆగిపోతే పోలీసుకూ మనకూ తేడా ఏముంది? చప్పుడు సగానికి తగ్గించినా ఆ పాటలో ఆమెకు పేరుండదు, ఆ వీధిలో మాకు చోటుండదు.

ఆ రాత్రి మా పిన్ని కూతురు, ఇంజినీరింగు చదువుతున్న పిల్ల, రెండడుగులు ముందుకేసింది. వాళ్ళ నాన్న ఏమీ అనలేదు, ఒక్క చూపు చూశాడంతే. పిల్ల వెనక్కొచ్చేసింది. అదే పిల్ల బెంగళూరు హాస్టలు గదిలో తలుపేసుకుని అవే మిక్సులకు ఆడుతుందట. పామిడిలో ఇళ్ళల్లో కూర్చుని నైటీలు కుట్టే ఆడవాళ్ళు చాలామంది. కుట్టినన్నింటికే డబ్బులు. మిషను పక్కన ఫోనులో రోజంతా ఇవే పాటలు మోగుతుంటాయి. ఈ సంగీతాన్ని ఆడవాళ్ళు వద్దనుకుంటున్నారని మనం తీర్మానించడానికి లేదు. పనికి పనికొచ్చే దెబ్బ, ఆటకు ఎందుకు పనికిరాదు? ఆడటానికి వీధి ఇవ్వనిది డీజే కాదు, ఆ ఒక్క చూపు.

మెరవణి ఆగినప్పుడు నేను ట్రాలీ దగ్గరికెళ్ళి అడిగాను, ఆ పాట పాడిందెవరని. "తెల్దక్కా, యూట్యూబులో దించినా" అన్నాడు. ట్యాగులో ఆమె పేరు కూడా చేర్చవచ్చు కదా అన్నాను. కాసేపు ఆలోచించి, "పేరు చెప్పక్కా, ఏస్తా" అన్నాడు. వ్యంగ్యంగా కాదు, నిజంగానే.

ఆ మాట నన్ను ఇంటిదాకా తరిమింది. స్త్రీల శ్రమ గేయాల మీద నాకు డాక్టరేటు ఉంది. నా సిద్ధాంత గ్రంథం అనుబంధం తీసి చూశాను. పాటలన్నీ ఉన్నాయి. వక్తల పట్టిక ఇట్లా ఉంది: స్త్రీ, 60, వ్యవసాయ కూలీ. స్త్రీ, 55, నిరక్షరాస్య. కులం ఉంది, వయసు ఉంది, ఊరుంది. పేరు లేదు. అట్ట మీద నా పేరు మాత్రం బంగారు అక్షరాల్లో ఉంది. ట్యాగు నాదీ! ఆ పిల్లాడు అర నిమిషానికొకసారి చెప్పుకుంటున్నాడు, నేను ఉద్యోగం దరఖాస్తుల్లో ప్రతిసారీ చెప్పుకుంటున్నాను. గోప్యత కోసం పేర్లివ్వలేదని వాదించవచ్చు. గోప్యత కావాలా అని వాళ్ళనడిగిన గుర్తు నాకు లేదు. 1986లోనే స్త్రీశక్తి సంఘటన వాళ్ళు 'మనకు తెలియని మన చరిత్ర'లో తెలంగాణ పోరాటంలోని స్త్రీలను పేరుపేరునా మాట్లాడించారు. ఆ పుస్తకం నేను ఎమ్.ఏ.లోనే చదివాను. చదివి కూడా పట్టిక అట్లా రాశాను.

డీజేలను అడిగే హక్కు మనకుంది. అడిగేముందు విశ్వవిద్యాలయాల అలమారల్లో ఉన్న మన క్యాసెట్లూ అనుబంధాలూ తెరవాలి. ఎవరు పాడారో, బతికున్నారో లేదో, పేరు వేయమంటారో వద్దంటారో అడిగి రావాలి. ఆ జాబితా ఉంటే ట్రాలీ దగ్గరి పిల్లాడికి చెప్పడానికి ఒక పేరుంటుంది. నేను వేసవిలో మొదలుపెట్టాను. పదకొండు మందిలో నలుగురు దొరికారు. ఇద్దరు వేయమన్నారు, ఒకామె వద్దంది, ఇంకొకామె "పేరేస్తే దుడ్లిస్తారా?" అనడిగింది. ఆమెకు చెప్పడానికి నా దగ్గర జవాబు లేకపోయింది.

ఈ పత్రికలో పుస్తక సమీక్షలకు ఇన్ని పేజీలిస్తున్నాం. కొత్తగా వచ్చే డీజే మిక్సులకు రెండు పేజీలివ్వమని సంపాదకులను అడుగుతున్నాను. దెబ్బ ఎట్లా ఉంది, గొంతు ముక్కను ఎక్కడ కోశారు, ఎవరిది ఆ గొంతు, అన్నీ రాద్దాం. పెళ్ళిలో విన్న పాట గురించి మొదటి సమీక్ష నేను రాస్తాను, పాడినామె దొరికాక.